రోగి చూపులో దేవుడు: ఈజెన్‌హైమ్ బలిపీఠ చిత్రం

ఫ్రాన్స్ తూర్పు అంచున, ఆల్సాస్ ప్రాంతంలోని కోల్మార్ పట్టణంలో ఉంటర్‌లిండెన్ అనే మ్యూజియం ఉంది. అక్కడ ఉన్న ఈజెన్‌హైమ్ బలిపీఠ చిత్రంలో, అంటే చర్చి పూజావేదిక వెనక నిలిపే పలకల చిత్రంలో, ఒక చెక్క పలక మీద, కుడివైపు కింది మూలన, ఎవరో పారేసి పోయినట్టుగా ఒక చిన్న కాగితం ముక్క చిత్రించి ఉంటుంది. దాని మీద లాటిన్‌లో ఉన్న మాటల భావం ఇది: ‘ఎక్కడున్నావు, మంచి యేసూ, ఎక్కడున్నావు? నా గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదు?’ పలక మధ్యలో గడ్డం నెరిసిన ఒక వృద్ధుణ్ణి దయ్యాలు జుట్టు పట్టి ఈడుస్తూ, కర్రలెత్తి బాదుతున్నాయి. ఆ మాటలు ఆయనవే. అయితే ఎడమవైపు కింది మూలన మరొకడున్నాడు. తల మీద ఎర్రటి ముసుగు, నీరు పట్టినట్టు ఉబ్బిన పొట్ట, ఒంటి నిండా పుళ్లు, ఎండి మోడుబారిన చెయ్యి, బాతు కాళ్ల వంటి పాదాలు. అతను దయ్యమో మనిషో తేల్చి చెప్పడం కష్టం. బాధతో వెనక్కి వాలిన ఆ శరీరాన్ని చూసినప్పుడు, కుడి మూలన ఉన్న ప్రశ్న అతని నోటి నుంచే వచ్చిందేమో అనిపిస్తుంది.

వ్యాధిని, ఉద్వేగాన్ని, దైవచింతనను కలిపి చిత్రించిన కళ గురించి మాట్లాడేటప్పుడు ఒక ఊహ అలవాటుగా ముందుకు వస్తుంది: చిత్రకారుడు బాధపడ్డాడు, ఆ బాధను రంగుల్లోకి ఒంపాడు, మనం దాన్ని చూసి కదిలిపోతున్నాం. ఇరవయ్యవ శతాబ్దపు చిత్రకళను అర్థం చేసుకోవడానికి ఈ ఊహ కొంత పనికివస్తుంది కానీ ఈజెన్‌హైమ్ బలిపీఠ చిత్రం దగ్గర తలకిందులవుతుంది. ఇక్కడ చిత్రకారుడి అంతరంగం గురించి మనకు దక్కింది చాలా తక్కువ. రోగి ఇక్కడ కుంచె పట్టినవాడు కాదు, బలిపీఠం ముందు నిలబడి, లేదా ఎవరో మోసుకొచ్చి దింపితే పడుకొని, చూస్తున్నవాడు. ఆ రోగి ఎవరు, అతని రోగం ఏమిటి అన్నది తెలియకపోతే ఈ చిత్రంలోని భీభత్సం అంతా కేవలం చిత్రకారుడి వికృతాభిరుచిగా కనిపిస్తుంది. చాలాకాలం చాలామందికి అలాగే కనిపించింది కూడా.

కాబట్టి ముందు రోగం సంగతి చూడాలి. మధ్యయుగపు ఐరోపాలో దాన్ని ‘పునీత అంతోని అగ్ని’ అన్నారు. (ఈ అంతోని, మన కతోలిక గుళ్లలో బాలయేసును ఎత్తుకొని కనిపించే పాదువా అంతోని కాదు, ఆయన కన్నా దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన మునీశ్వరుడు.) ఈ రోగంలో మొదట కాళ్లూ చేతులూ మంటలెత్తుతాయి, తర్వాత మొద్దుబారుతాయి, ఆ తర్వాత వేళ్లు, పాదాలు నల్లబడి కుళ్లి, కొన్నిసార్లు వాటంతటవే ఊడిపోతాయి. మరి కొందరికి మూర్ఛలు, ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం ఉండేవి. దీనికి కారణం రై అనే ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ శిలీంధ్రం, శాస్త్రీయంగా క్లావిసెప్స్ పర్పూరియా. చలి ఎక్కువై, వసంతకాలం వానతో తడిసిన ఏడాదిలో ఇది పూతకు సోకుతుంది; గింజ ఉండవలసిన చోట ఊదా నలుపు రంగులో వంకీ తిరిగిన గట్టి ముల్లు ఒకటి ఏర్పడుతుంది. ఫ్రెంచి భాషలో ఎర్గాట్ అన్న మాటకు మూలార్థం కోడిపుంజు కాలి ముల్లు. పేదవాడు గోధుమ రొట్టె కొనలేడు, రై రొట్టె తింటాడు. కరువు ఏడాదిలో గింజలు ఏరి పారేసే స్థోమత కూడా అతనికి ఉండదు. ముల్లుతో పాటే పిండి పడుతుంది, ఆ పిండిలోని విషం రక్తనాళాలను బిగించివేస్తుంది, రక్తం అందని అవయవం కుళ్లుతుంది.

రొట్టెకూ రోగానికీ ఉన్న సంబంధాన్ని పదిహేడో శతాబ్దంలో కొందరు వైద్యులు గుర్తించారు. శిలీంధ్రపు జీవితచక్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త తులాన్ పూర్తిగా వివరించినది 1853లో. విచిత్రంగా, కోల్మార్ మ్యూజియం ప్రజల కోసం తలుపులు తెరిచింది కూడా అదే ఏడాది. అంటే ఈ చిత్రం ముందు మోకరిల్లిన రోగులకు గానీ, వారికి సేవ చేసిన సన్యాసులకు గానీ తాము తింటున్న అన్నమే తమను తినేస్తోందన్న సంగతి తెలియదు.

ఎర్గాట్ మన రైతులకు కొత్త కాదు. సజ్జలో దీని బంధువైన మరో శిలీంధ్రం వస్తుంది. కంకి నుంచి తేనెలా జిగట కారడం వల్ల మన వ్యవసాయ పుస్తకాలు తేనెబంక తెగులు అంటాయి. విత్తనాన్ని ఉప్పునీటిలో పోసి, తేలినవాటిని తీసి పారేసి, మునిగినవాటిని కడిగి ఆరబెట్టి చల్లడం ఇప్పటికీ చెప్పే జాగ్రత్తే. 1970ల మధ్యలో రాజస్థాన్‌లో ఇలాంటి సజ్జలు తిన్నవారు వాంతులతో, తలతిప్పుతో, మగతతో పడిపోయినప్పుడు ఆ ఉదంతాన్ని పరిశీలించి ప్రచురించినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. సజ్జలోని విషం రై విషం వంటిది కాదు. అది అవయవాలను కుళ్లబెట్టదు. ఆ తేడా వల్లనే మనకు ఈ రోగపు భయం పురాస్మృతిగా మిగలలేదు.

కానీ ఆ భయానికి పెట్టిన పేరులోని తర్కం మాత్రం మనకు బాగా తెలిసినదే. మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అన్నారు మన పెద్దలు. పొక్కులను ముత్యాలన్నారు, ఆ ముత్యాల తల్లిని ముత్యాలమ్మ అని కొలిచారు. రోగం పంపినదీ ఆమే, దించవలసినదీ ఆమే. అందుకే రోగిని అసహ్యించుకోవడానికి వీల్లేదు, వేపమండలు కట్టి, చలువ చేసి, అమ్మ ఇంట్లో ఉన్నట్టుగా మెలగాలి. అంతోని అగ్ని కూడా అలాంటిదే. ఆయన కోపిస్తే మంట వస్తుంది, ఆయన కరుణిస్తే చల్లారుతుంది. ఆయన అస్థికలు ఉన్నాయని నమ్మిన ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని ఒక ఊరికి పదకొండో శతాబ్దం చివర రోగులు బారులు తీరారు, వారికి సేవ చేయడానికి కొందరు గృహస్థులు పూనుకున్నారు, ఆ సేవాబృందమే తర్వాత అంతోనియుల మఠంగా మారి ఐరోపా అంతటా వందల కొద్దీ చికిత్సాశ్రమాలను నడిపింది. ఆల్సాస్‌లోని ఈజెన్‌హైమ్ వాటిలో ఒకటి. నల్లటి అంగీ మీద ఆంగ్లపు ‘టీ’ అక్షరం ఆకారంలో నీలి శిలువ గుర్తు వారి ఆనవాలు.

ఆ ఆశ్రమంలో చికిత్స ఏమిటన్నది చిత్రాన్ని చదవడానికి తాళంచెవి వంటిది. వచ్చిన రోగిది నిజంగా అంతోని అగ్నియేనా అని ముందు పరీక్షిస్తారు. అంతోని అస్థికలను తాకించిన ద్రాక్షారసాన్ని ఇస్తారు. మూలికలు కలిపిన లేపనం రాస్తారు. పందికొవ్వుతో చేసిన ఆ లేపనం కోసమే అంతోనియుల పందులు మెడలో గంటలతో ఊళ్లలో యథేచ్ఛగా తిరిగేవి. కుళ్లిన అవయవాన్ని శస్త్రవైద్యుడు కోసివేస్తాడు. వీటన్నిటితో పాటు మంచి రొట్టె పెడతారు, గోధుమ రొట్టె. నిజమైన మందు ఏదంటే ఈ చివరిదే అని ఈనాడు మనం చెప్పగలం: విషం ఉన్న రై మానేసి కొన్ని వారాలు శుభ్రమైన తిండి తింటే మంట తగ్గుతుంది. రోగం అన్నంతో వచ్చింది, అన్నంతోనే పోయింది. మధ్యలో మహిమ అంతా అంతోనికి దక్కింది.

ఈ ఆశ్రమపు పెద్దగా ఉన్న గిడో గుయెర్సి తన గుడి ప్రధాన బలిపీఠం కోసం చిత్రాలు వేయించాడు. శిల్పాలు అప్పటికే ఉన్నాయి. వాటిని హాగెనౌకు చెందిన నిక్లాస్ అనే శిల్పి చెక్కాడని చెబుతారు. చుట్టూ రెక్కల వంటి పలకల మీద, దాదాపు 1512 నుంచి 1516 వరకు, చిత్రాలు వేసినవాడు ఇప్పుడు గ్రూనెవాల్డ్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఆ పేరు కూడా అతనిది కాదు. 1675లో జర్మన్ చిత్రకారుల చరిత్ర రాసిన జాండ్రార్ట్ పొరపాటున పెట్టిన పేరు అది. దస్తావేజులలోని మనిషి పేరు మాథిస్, ఇంటిపేరు గోతార్ట్ అనీ నిథార్ట్ అనీ కనిపిస్తుంది. మైన్‌ట్స్ ఆర్చిబిషప్ ఆస్థానంలో పనిచేశాడు, నీటి పనులు తెలిసిన ఇంజనీరుగా కూడా బతికాడు, 1528లో హాలె పట్టణంలో పోయాడు. అతని వెనక మిగిలిన సామాన్ల జాబితాలో రంగులతో పాటు ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్ అనువదించిన కొత్త నిబంధన, లూథర్ ప్రసంగాలు ఉన్నాయి. పేరు ఎంతగా మరుగున పడిందంటే, కోల్మార్‌లో ఈ చిత్రాన్ని చాలాకాలం ప్రసిద్ధ జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ పనిగా లెక్కించారు.

ఇక బలిపీఠం దగ్గరికి వెళ్దాం. ఇది గోడకు వేలాడదీసిన ఒక్క పటం కాదు. తలుపు మీద తలుపు ఉన్న పెద్ద బీరువా అనుకోవచ్చు: మూసి ఉంటే ఒక దృశ్యం, మొదటి జత తలుపులు తెరిస్తే రెండోది, ఆపై జత తెరిస్తే లోపలి శిల్పాలతో మూడోది. ఏడాదిలో చాలా రోజులు మూసే ఉంటుంది. పెద్ద పండగలకు మధ్య దృశ్యం, జనవరి 17న అంతోని పండగకు లోపలి దృశ్యం తెరిచేవారని పరిశోధకులు చెబుతారు. అంటే రోగి మామూలు రోజుల్లో చూసేది ఆ పైతలుపుల మీద ఉన్నదాన్ని, శిలువ వేతను.

ఆ పలక రెండున్నర మీటర్లకు పైబడిన ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. వెనక ఆకాశం చీకటి. సరిగా చెక్కని దుంగతో చేసిన శిలువ అడ్డుకర్ర, యేసు బరువుకు విల్లులా వంగింది. ఆయన చేతివేళ్లు మేకుల చుట్టూ, ఎండిన కొమ్మలు ఆకాశంలోకి చాచినట్టు, పది దిక్కులకూ బిగుసుకుపోయి విచ్చుకున్నాయి. తల ఒక పక్కకు కూలింది, పెదవులు నీలిబారాయి. పాదాలు ఒక మేకు కింద ఒకదానిపై ఒకటి నలిగి, వాచి, నెత్తురు కారుతూ ఉన్నాయి. అన్నిటికీ మించి చర్మం. ఇటలీలో ఆ కాలపు చిత్రకారులు శిలువ మీది యేసును కూడా పాలరాతి విగ్రహంలా అందంగా వేస్తున్నారు. ఇక్కడ పచ్చగా, బూడిదగా మారిన ఒంటి నిండా చిన్న చిన్న పుండ్లు, వాటిలో విరిగి దిగబడిపోయిన ముళ్లు. కొరడా దెబ్బల గుర్తులుగా వీటిని చెప్పవచ్చు, కథ ప్రకారం అవి అవే. అయితే ఆ చర్మాన్ని అంతోని అగ్నితో పుండ్లు పడ్డవాడు చూసినప్పుడు, అతనికి కొరడా గుర్తు వచ్చి ఉండదు.

శిలువకు ఎడమ పక్క తెల్లని వస్త్రాల్లో సొమ్మసిల్లుతున్న మరియ, ఆమెను పట్టుకున్న సువార్తికుడు యోహాను, కింద వేళ్లు మెలిపెట్టి మొక్కుతున్న మగ్దలేనే మరియ. మగ్దలేనే తక్కినవారికన్నా చిన్నదిగా ఉంటుంది. యేసు అందరికన్నా పెద్దగా ఉంటాడు. కొలతలు తెలియక కాదు. కుడి పక్క బాప్తిస్మమిచ్చు యోహాను నిలబడి ఉన్నాడు. బైబిలు కథ ప్రకారం శిలువ నాటికి ఆయన తల తెగి చాలాకాలమైంది. అయినా వచ్చి నిలబడి, ఉండవలసినదానికన్నా పొడవైన చూపుడువేలితో యేసును చూపిస్తున్నాడు. ఆ వేలి వెనక లాటిన్‌లో రాసిన వాక్యం తెలుగు బైబిలు చదివినవారికి కంఠతా వచ్చినదే: ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది.’ ఏడుపు మధ్య ఆయన ముఖం మాత్రం ప్రశాంతంగా, పాఠం చెబుతున్న పంతులు ముఖంలా ఉంటుంది. ఉద్వేగం పొంగిన చోటనే దాన్ని వేలితో చూపి వివరించే మనిషిని కూడా నిలబెట్టడం ఈ చిత్రకారుడి తెలివి.

రెండు పక్కల సన్నని రెక్కల మీద ఇద్దరు పునీతులున్నారు, ఒక వైపు బాణాలు దిగిన సెబాస్తియన్, మరో వైపు అంతోని. సెబాస్తియన్ ప్లేగు నుంచి కాపాడేవాడు, అంతోని అగ్ని నుంచి. ఇద్దరు యోహానులకు మూర్ఛరోగులు మొక్కుకునేవారు. అంటే ఈ ముందు తలుపుల మీద పాత్రల ఎంపిక కూడా ఆసుపత్రి వార్డుల జాబితాలా ఉంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతిని పరిశోధకులు గమనించారు. శిలువ పలక మధ్యలో లేదు, కాస్త కుడికి జరిగి ఉంది. అందువల్ల రెండు తలుపులు కలిసే గీత యేసు శరీరం పక్కగా, చాచిన చేతి మీదుగా పోతుంది. తలుపు తెరిచినప్పుడు ఆ చెయ్యి శరీరం నుంచి విడిపోయినట్టవుతుంది. కింద ఉన్న పొడవాటి పలకలో యేసు దేహాన్ని సమాధికి సిద్ధం చేస్తున్నారు; అక్కడా పలకల అతుకు కాళ్ల దగ్గర పడుతుంది. చెయ్యో కాలో పోగొట్టుకున్నవాడు, రేపు కోయించుకోబోతున్నవాడు దీన్ని ఎలా చూసి ఉంటాడో ఊహించండి. ఇది ఉద్దేశించి చేసినదని కొందరు గట్టిగా చెబుతారు. తలుపుల అమరిక వల్ల యాదృచ్ఛికంగా కలిగిందని వాదించే వీలూ ఉంది. నా వరకు, గీత దేహం మధ్యగా పోకుండా తప్పించడానికే శిలువను పక్కకు జరిపి ఉండవచ్చు, కానీ చూసే రోగికి ఆ కారణంతో పనిలేదు అనిపిస్తుంది. చిత్రంలో అర్థం పుట్టేది వేసినవాడి దగ్గరే కాదు.

తలుపులు తెరిచాక రంగులే మారిపోతాయి. గబ్రియేలు దూత కబురు, దేవదూతల వాద్యగోష్ఠి, పసిబిడ్డతో మరియ, చివరన పునరుత్థానం. మరియ ఒళ్లోని బిడ్డ చుట్టూ ఉన్నది చిరిగిన గుడ్డ; మూసిన తలుపుల మీద శిలువ పైన ఆయన నడుముకు చుట్టినదీ చిరుగుల గుడ్డే. పక్కన స్నానపు తొట్టి, మంచం, మలమూత్రాల కుండ కూడా ఉన్నాయి. దైవజనన దృశ్యంలో ఆ కుండ ఎందుకని భక్తులు ఇబ్బంది పడవచ్చు. మంచాన పడ్డ మనిషికీ, అతన్ని చూసుకునే మనిషికీ మాత్రం అది అన్నిటికన్నా తెలిసిన వస్తువు.

పునరుత్థానం గురించి ఒక్క మాట చెప్పి ఊరుకోలేను. రాత్రి ఆకాశంలో పెద్ద కాంతిగోళం, మధ్యలో పసుపు, అంచులకు వచ్చేకొద్దీ నారింజ, ఎరుపు, నీలం. అందులోకి లేస్తున్న యేసు ముఖం వెలుగులో కరిగిపోతున్నట్టుంటుంది, గడ్డం ఎక్కడ ఆగి కాంతి ఎక్కడ మొదలైందో తెలియదు. ఆయన్ని చుట్టిన వస్త్రం సమాధి దగ్గర తెల్లగా, చల్లగా ఉండి, పైకి పోయేకొద్దీ ఊదా, ఎరుపు, పసుపు రంగులు ఎక్కించుకుంటుంది. చాచిన అరచేతుల్లో గాయాల ఆనవాళ్లు ఎర్రని చుక్కలుగా ఉన్నాయి, కానీ చర్మం మీద ఒక్క పుండు లేదు, ఒక్క ముల్లు లేదు. ముందు తలుపు మీది పచ్చని కుళ్లిన ఒళ్లును నెలల తరబడి చూసినవాడు పండగనాడు ఈ ఒళ్లును చూస్తాడు. వేదాంతం చదవనివాడికి కూడా అర్థమయ్యే వాక్యం ఇది: చర్మం బాగుపడింది. 2018 నుంచి 2022 వరకు జరిగిన పునరుద్ధరణలో పసుపుబారిన పాత వార్నిష్ తొలగించాక ఈ రంగుల తేడా మరింత స్పష్టమైంది.

మూడో దృశ్యంలో మధ్యన సింహాసనం మీద అంతోని శిల్పం, ఎడమ రెక్క మీద ఆయన ఎడారిలో పౌలు అనే మునిని కలుసుకోవడం, కుడి రెక్క మీద మొదట చెప్పుకున్న దయ్యాల దాడి. ఎడారి దృశ్యంలో మునుల కాళ్ల దగ్గర నేల మీద పదికి పైగా మొక్కలను ఎంత శ్రద్ధగా వేశాడంటే, వృక్షశాస్త్రజ్ఞులు ప్లాంటెయిన్, వెర్బీనా, గసగసాల వంటి ఓషధుల జాతులను పేరు పేరునా గుర్తించారు. (ప్లాంటెయిన్ అంటే ఇక్కడ మన అరటి కాదు, గాయాలకు వాడే చిన్న మొక్క, ఆంగ్లంలో రెండిటికీ ఒకే పేరు ఉండటంతో వచ్చే చిక్కు ఇది.) లేపనంలో ఏమేం కలిపేవారో చిత్రం సూచనగా చూపిస్తోంది. తల ఎత్తి చూస్తే, పైన కాకి ఒకటి ఎగిరొస్తోంది. రోజూ పౌలుకు ఒక రొట్టె తెచ్చే ఆ పక్షి ఆనాడు అతిథి వచ్చాడని రెట్టింపు తెచ్చిందని కథ. రొట్టె రోగానికి మూలమని ఎవరికీ తెలియని కాలంలో, రొట్టె పెట్టి రోగం మాన్పిన ఇంట్లో, ఆకాశం నుంచి వచ్చే మంచి రొట్టెను చిత్రించడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఈ బలిపీఠం మొత్తంలో అతి నిజమైన వైద్యసత్యం ఆ కాకి ముక్కునే ఉంది.

ఇంతవరకు చెప్పినదాని నుంచి తేలికగా జారిపడే రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, ఎడమ మూలన ఉన్న రోగికి రోగనిర్ధారణ చేయబోవడం. అది ఎర్గాట్ అనీ, కాదు సిఫిలిస్ అనీ, కుష్ఠు అనీ, ప్లేగు అనీ వైద్యులు పోటీపడి రాశారు. చిత్రం వైద్యపుస్తకంలోని పటం కాదు. ఆ శరీరంలో చిత్రకారుడు తాను చూసిన అనేక రోగుల గుర్తులను కలిపి, పైన దయ్యపు పాదాలు తగిలించాడు. ఏ వార్డు నుంచి వచ్చినవాడైనా తనను అందులో చూసుకోగలగడమే దాని పని. రెండో పొరపాటు ఇంకా ఆకర్షణీయమైనది. 1938లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆల్బర్ట్ హోఫ్‌మన్ ఎర్గాట్ పదార్థాల మీద పనిచేస్తూ ఎల్ఎస్‌డీ అనే రసాయనాన్ని తయారు చేశాడు, 1943లో లేనివి కనిపింపజేసే దాని మత్తు గుణాన్ని కనిపెట్టాడు. ఇంకేముంది, ఆ దయ్యాలూ ఆ కాంతిగోళమూ ఎర్గాట్ మత్తులో చూసినవే అన్న కథ పుట్టింది. మెలికలు తిరుగుతున్న చేతితో, పొర మీద పొరగా ఆరనిస్తూ, నాలుగేళ్లపాటు నూనెరంగుల పని ఎవరూ చేయలేరు. ఇక్కడ అదుపు తప్పినట్టు కనిపించేదంతా అదుపులో ఉండి చేసినదే.

మరి ఈ చిత్రం రోగులకు ఏం చేసింది? దీన్ని ఈనాటి భాషలో ఆర్ట్ థెరపీ అనడం నాకు సరిపడదు; ఎవరూ వారి చేతికి రంగులివ్వలేదు, మనసు విప్పమనలేదు. చిత్రం వారికి రెండు మాటలు చెప్పింది. నీ ఒళ్లు దేవుడి ఒళ్లు లాంటిది. అందువల్ల నీది పాపఫలంగా ఊరవతల పారేయవలసిన ఒళ్లు కాదు. రెండోది, ఈ ఒళ్లు ఇలాగే ఉండిపోదు, బతికినా చచ్చినా. రెండో మాట నమ్మకానికి సంబంధించినది, దాన్ని ఒప్పుకోనివారు ఉండవచ్చు. మొదటి మాటకు నమ్మకంతో పనిలేదు. ఆ చర్మాన్ని చూస్తే చాలు. అలాగని చిత్రం రోగిని జోకొట్టదు. ‘ఎందుకు రాలేదు?’ అన్న ఫిర్యాదును చెరిపేయకుండా, కాగితం మీద రాసి, బలిపీఠం మీదనే అతికించింది.

ఫ్రెంచి విప్లవకాలంలో మఠాల ఆస్తులు స్వాధీనమై, పలకలు ఈజెన్‌హైమ్ నుంచి కోల్మార్‌కు చేరాయి. రోగులు పోయారు, చిత్రం మిగిలింది. అక్కడి నుంచి దాన్ని చూసేవారు మారారు, దానితో పాటు అది చెప్పేదీ మారింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆల్సాస్ జర్మనీ ఏలుబడిలో ఉంది. ఆ యుద్ధం సాగుతుండగా, 1917లో, పలకలను భద్రత కోసం మ్యూనిక్‌కు తరలించారు. యుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడి ఆల్టె పినకోథెక్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం విరగబడి చూశారు. వారిలో కందకాల నుంచి కాళ్లూ చేతులూ పోగొట్టుకొని వచ్చిన సైనికులున్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత అవయవాలు తెగినవారు మళ్లీ ఆ చిత్రం ముందు నిలబడ్డారన్నమాట. 1919లో అది ఫ్రాన్స్‌కు, కోల్మార్‌కు తిరిగి వెళ్లిపోతుంటే ఓడిన జర్మనీలో చాలామంది దాన్ని సొంత గాయంలా భావించారు.

ఆ యుద్ధంలో మెషిన్‌గన్ పట్టిన ఒట్టో డిక్స్, 1929 నుంచి 1932 వరకు ‘యుద్ధం’ అనే చిత్రాన్ని బలిపీఠం రూపంలోనే, రెక్కలతో, కింద పొడవాటి పలకతో వేశాడు. అది ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉంది. మధ్య పలకలో ఒక అస్థిపంజరం గాలిలో వేలాడుతూ వేలు చాచి చూపిస్తుంటుంది. కుడివైపు తలకిందులుగా పడిన శవం కాళ్ల నిండా తూటాల చిల్లులు. వేలు యోహానుది, ఆ చిల్లుల చర్మం యేసుది. తేడా ఏమిటంటే, డిక్స్ బలిపీఠానికి తెరవడానికి తలుపులు లేవు. మూసిన దృశ్యం మీదనే అది ఆగిపోతుంది.

ఈ కాలంలోనే, చిత్రకారుడి లోపలి ఉద్వేగాన్ని వ్యక్తం చేయడమే ముఖ్యమనుకొన్న, ఎక్స్‌ప్రెషనిజం అని పిలిచిన ధోరణిలో, గ్రూనెవాల్డ్ ఒక పూర్వీకుడుగా మారాడు, దానితో రోగి స్థానం కూడా మారింది. రోగి కుంచె వైపుకు వచ్చాడు. ఎమిల్ నోల్డె 1909లో చెడిన నీళ్లు తాగి చావు దగ్గరికి వెళ్లి వచ్చి, కోలుకున్నాక వేసినవి యేసు చివరి భోజనం, పెంతెకొస్తు దృశ్యాలు. మొరటైన, మంటలాంటి రంగులు. ఆయన తొమ్మిది పలకల యేసు జీవితాన్ని 1937లో నాజీలు మ్యూనిక్‌లోనే ‘దిగజారిన కళ’ అని వెక్కిరిస్తూ ప్రదర్శించారు. నోల్డె స్వయంగా నాజీ పార్టీ సభ్యుడు, యూదులంటే పడనివాడు అన్నది కూడా దాచకూడని నిజం. అంతకుముందే నార్వేలో ఎడ్వర్డ్ మూంక్, పదిహేనేళ్లకు క్షయతో పోయిన అక్క సోఫీ జ్ఞాపకంతో, 1885–86లో ‘రోగి బాలిక’ను వేశాడు. రంగును పదేపదే వేసి, గీకి, మళ్లీ వేసిన ఆ ఉపరితలం మీద గీతలు గాయాల్లా మిగిలాయి. తరవాతి నలభై ఏళ్లలో అదే దృశ్యాన్ని మరో అయిదుసార్లు నూనెరంగుల్లో వేశాడు. మంచం మీది పిల్ల దిండుకు ఆని పక్కకు చూస్తోంది, పక్కన తల వంచుకున్న స్త్రీ ముఖం కనిపించదు. అక్కడ ఓదార్పు ఎవరికి? సోఫీ ఎప్పుడో పోయింది. చిత్రం వేసినవాడికే. ఇది తక్కువ కళ అని నా ఉద్దేశం కాదు; మూంక్ పటం ముందు నిలబడ్డవారెవరూ ఆ మాట అనలేరు. కానీ ఇక్కడ మనం ఒకరి దుఃఖానికి సాక్షులం. ఈజెన్‌హైమ్‌లో చూసేవాడి దుఃఖానికి చిత్రమే సాక్షి. వ్యక్తీకరణ అన్న ఒకే మాట కింద ఈ రెండిటినీ కలిపేయడం వల్లనే ఈ రకం కళ గురించిన చర్చ తరచూ గజిబిజి అవుతుంది.

1980లలో అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్, ఈజెన్‌హైమ్ పలకల పెద్ద నకళ్లను ముందు పెట్టుకొని, వాటిలోని కొన్ని రూపాల అంచులను మాత్రం గీసుకొని తన చిత్రాల్లో కలిపాడు. పునరుత్థానంలో కిందపడుతున్న సైనికుడి తర్వాత అతను ఎంచుకున్నది ఎడమ మూలన ఉన్న ఆ రోగినే. పుళ్లు తీసేశాడు, రంగు తీసేశాడు, మిగిలిన వంకర గీతను తిప్పి పెట్టి, పలకరాళ్ల నకాషీలాంటి అలంకారంలో కలిపేశాడు. అది ఎక్కడిదో అతను చాలాకాలం చెప్పలేదు. ఆ చిత్రాలను కొన్నవారూ, గ్యాలరీల్లో వాటి ముందు ఆగినవారూ అందులో ఒక ఉబ్బిన పొట్టనూ, వెనక్కి వాలిన తలనూ చూస్తున్నామన్న సంగతి తెలియకుండానే చూశారు.